దస్తీ కింద మూడో చెయ్యి

యుద్ధం ఆగిన మరుసటి ఏడు, ఫాల్గుణ మాసం, శుక్రవారం, పగలు మూడు గంటల ఇరవై నిమిషాలకు నేను ఒక పెళ్లిని నడిమధ్యలో ఆపేశాను. నిమిషాలతో సహా ఎలా చెప్పగలుగుతున్నానంటే, నా వెనకాలే కూర్చున్న మా సేటు జేబులోంచి గడియారం తీసి చూసి, "గంగారాం, మూడు ఇరవై. నువ్వు ఎందుకూ పనికిరాకుంట పోయిన టైము గిది. యాదికుంచుకో" అన్నాడు. ఉంచుకున్నాను.

ఇది నేనే రాయాలని ఎందుకు కూర్చున్నానో ముందే చెప్పేస్తాను. నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. అంతవరకూ మా ఆర్మూరులో నోరున్న ప్రతివాడూ నా కథను తనకు తోచినట్టు చెప్పాడు. నేను పెళ్లికొడుకు చెయ్యి విరిచానని ఒకడు. పెళ్లికూతుర్ని ఎత్తుకుపోబోయానని ఇంకొకడు. మొన్నటికి మొన్న జక్రాన్‌పల్లి బస్సులో ఒక కుర్రాడు, నేనెవరో తెలియక, నా కథను నాకే చెప్పాడు. అందులో నేను చచ్చిపోయాను కూడా. ఇక ఊరుకోలేను. జరిగింది జరిగినట్టు రాస్తాను. అసలు జరిగింది వాళ్లు చెప్పేదానికంటే అధ్వాన్నంగా ఉందంటే అది నా ఖర్మ.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మా ఊరి పసుపు మార్కెట్టు గంజ్‌లో, రైతుల సరుకు కమీషను మీద అమ్మిపెట్టే విఠల్ సేటు అడ్తి దుకాణంలో పనిచేసేవాణ్ణి. మా గంజ్‌లో పసుపు బేరం నోటితో జరిగేది కాదు. కొనేవాడు, అమ్మేవాడు ఎదురెదురుగా కూర్చుని కుడిచేతులు కలిపి పైన ఒక చేతిరుమాలు, మా మాటలో దస్తీ, కప్పేవారు. దస్తీ కింద వేళ్లు మాట్లాడేవి. చెయ్యంతా పట్టి నొక్కితే అయిదు. ఆ వెంటనే ఇంకో రెండు వేళ్లు నొక్కితే ఏడు. చుట్టూ వందమంది నిలబడ్డా ఎవడికీ ఏమీ తెలియదు. పైకి ఇద్దరూ ఎండల గురించి, పిల్లల దగ్గు గురించి మాట్లాడుకుంటూ ఉండేవారు.

ఒక్కోసారి బేరం ఆ గుడ్డ కిందే చిక్కుకుపోయేది. ఇద్దరూ చేతులు వదలరు, మాట పెగలదు, ముఖాన చెమటలు. అప్పుడు మూడోవాడు ఒకడు పక్కనుంచి దస్తీ కిందికి చెయ్యి దూర్చి, ఎవరు ఎక్కడ ఆగారో తడిమి చూసి, నడుమన ఒక అంకె తేల్చి, గట్టిగా అరిచి దస్తీ లాగేసేవాడు. అంతటితో బేరం ఖాయం, ఇక సంచుల్లో పోసి మూతులు కుట్టడమే. దానికి తిరుగు లేదు. ఆ మూడో చెయ్యి నాదే. నా చెయ్యి పడితే తెగని బేరం లేదని గంజ్‌లో పేరు. ఆ పేరు నా తలకు ఎంత ఎక్కిందంటే, దారిలో ఇద్దరు మనుషులు చేతులు పట్టుకుని నిలబడితే చాలు, నా వేళ్లు దురద పెట్టేవి.

మా దుకాణానికి అందరికంటే పెద్ద గిరాకి ఖాదర్ సాబ్. ఆయన కొన్న పసుపు నిజామాబాద్‌లో రైలెక్కి బొంబాయి పోయేది, అక్కడ ఓడెక్కి బస్రాకు దిగువన ఉన్న ఒక సముద్రపు ఒడ్డు ఊరికి పోయేది. ఆ ఊరి పేరు నా నాలుకకు ఎన్నడూ తిరగలేదు. మేమంతా 'దర్యా ఊరు', అంటే సముద్రపు ఊరు, అనేవాళ్లం. అక్కడ మా పసుపు దించుకునే ఆసామి హాజీ సాలిం. వాళ్ల తాతల కాలం నుంచి ముత్యాల వ్యాపారులు. జపాను వాళ్లు ముత్యాలను పంట పండించినట్టు పండించడం మొదలుపెట్టాక ఆ వ్యాపారం కాస్తా నీళ్లలో కలిసిపోయి, ఆయన పసుపు వైపు తిరిగాడు. ఇరవై ఏళ్లు ఆయనా ఖాదర్ సాబూ ఉత్తరాల మీదే స్నేహం చేశారు. ఆ ఉత్తరాల మీదే పిల్లల పెళ్లి కూడా అనుకున్నారు. హాజీ కొడుకు యూసుఫ్, ఖాదర్ సాబ్ కూతురు సకీనా. యుద్ధం వల్ల ఓడలు ఆగి పెళ్లీ ఆగింది. ఓడలు తిరగడం మొదలవగానే హాజీ తన పెళ్లాంతో, పిల్లవాడితో, తమ ఊరి ఖాజీతో సహా ఆర్మూరులో దిగాడు.

ఈ పెళ్లికి ఒక్క మనిషే అడ్డం. ఖాదర్ సాబ్ తల్లి, మేమంతా దాదీమా అనేవాళ్లం. తల్లిలేని సకీనాను చేతులారా పెంచిన మనిషి. "సముద్రం అవుతలికి పిల్లనిచ్చుడా? గాడికి పోయినోళ్ల ముచ్చట తెల్వాలంటే ఉత్తరం రావాలె. ఉత్తరం రావాలంటే ఓడ రావాలె. ఓడ మునిగితే?" అని నెల రోజులు పోరింది. చివరికి ఒప్పుకుంది, ఒక షరతు మీద: "నిఖా కాడ ఏ ఒక్కటి తేడా వచ్చినా నా పిల్లను పంప."

ఖాదర్ సాబ్ నన్ను పిలిచి చెప్పాడు. "బేటా గంగారాం, చుట్టాలకు ఏ లోటూ రావద్దు. అమ్మకు సాకు దొరకద్దు. నువ్వు జర దగ్గరుండు."

"మీరేం ఫికర్ జేయకున్రి చాచా, నేనున్న గద" అన్నాను. ఈ మాట అన్నప్పుడల్లా నా బతుకులో ఏదో ఒకటి కూలింది. అప్పటికి ఆ సంగతి ఇంకా కనిపెట్టలేదు.

మొదటి సాయంత్రమే నాకు హెచ్చరిక వచ్చింది. చుట్టాలు తమతో తెచ్చుకున్న పొడుగు మూతి చెంబులో కాఫీ కాచారు. పాలు లేవు, చక్కెర లేదు. ఏలకుల వాసన తప్ప మిగతాదంతా వేపాకు కషాయమే. యూసుఫ్ నిలబడి, గుడ్డి దీపమంత కప్పులో పోసి ఇచ్చాడు. తాగాను. మళ్లీ పోశాడు. వద్దంటే చుట్టాలకు లోటని తాగాను. మళ్లీ పోశాడు. నేను తాగేకొద్దీ వాడు పోస్తున్నాడు, వాడు పోసేకొద్దీ నేను తాగుతున్నాను. హాజీ, ఆయన ఖాజీ నన్ను గౌరవంగా చూడటం మొదలుపెట్టారు. పదకొండో కప్పుకు నా గుండె పిండిగిర్నీలా కొట్టుకుంటోంది. ఖాదర్ సాబ్ అప్పుడు లోపలికి వచ్చాడు.

"ఎన్ని తాగినవ్ బేటా?"

"పదకొండు చాచా. ఆపుతలేడు."

"కప్పును జర అటిటు ఊపియ్యాలె. ఊపకపోతే తెల్లారే దాంక పోస్తరు. గది వాళ్ల రివాజు."

"గా మాట ముందే జెప్పద్దా?"

"నువ్వు అడిగినవా?"

అడగలేదు. మర్నాడు ధూపం పళ్లెం తిప్పారు. అబ్బా ఏం వాసనో అని నేను ఇంకొంచెం వెనక్కి వాలి కూర్చున్నాను. వాళ్ల ఊళ్లో ఇంటివాళ్లు ధూపం తిప్పారంటే చుట్టాలు ఇక లేవాలని అర్థమట. వాళ్లు మళ్లీ తిప్పారు. నేను మళ్లీ పీల్చాను. మూడోసారి తిప్పాక హాజీ కూర్చున్నచోటే నిద్రపోయాడు. అప్పుడూ ఎవరూ ముందు చెప్పలేదు, నేనూ అడగలేదు. తెలివిగలవాడైతే ఇక్కడే అర్థం చేసుకునేవాడు, ఈ మనుషుల దగ్గర ఏ పని చేసినా ముందు అడిగి చెయ్యాలని. నేనేం చేశానో మీకు తెలుసు. మొదటి వాక్యంలోనే చెప్పాను.

అట్లాగని వాళ్లు చెడ్డవాళ్లు కారు. హాజీకి బొంబాయి హిందుస్తానీ వచ్చు. సాయంత్రమైతే అరుగు మీద కూర్చుని తమ ఊరి సంగతులు చెప్పేవాడు. అక్కడ ఇంటింటికీ గాలి పట్టే బురుజు ఉంటుందట. తాగేనీళ్లు గాడిదల మీద వస్తాయట. రోజుకో ఇంట్లో వీధి వీధంతా కూడుతుందట. ఆ ఊరి ఖాజీ మాట మేక తప్పిపోయిన దగ్గర్నుంచి ఓడ మునిగిన దాకా అన్నిటికీ ఆఖరట. నేను సముద్రం సంగతి అడిగాను.

"అవుతలి గట్టు కనవడతదా?"

"కనపడదు."

"మరి ఎవడన్న కట్ట తెంపితే నీళ్లు ఎటు పోతయి?"

హాజీ చాలాసేపు ఆలోచించాడు. తర్వాత ధూపం తెప్పించాడు. ఈసారి లేచి వచ్చేశాను.

ఇక ఖాజీల సంగతి. దర్యా ఖాజీ ఒకరు, మన ఆర్మూరు ఖాజీ ఒకరు. ఇద్దరూ పెద్దమనుషులే, ఇద్దరూ చదువుకున్నవాళ్లే. ఎనిమిది రోజుల్లో ఒక్క విషయంలో కూడా ఒకరి మాట ఒకరు ఒప్పుకోలేదు. చంద్రుడు కనిపిస్తే అది చంద్రుడేనా అని కూడా వాదించుకునేవాళ్లు. నిఖా ఎట్లా చెయ్యాలనేది రెండు రోజుల వాదం. మన ఖాజీ, సాక్షులు పర్దా దగ్గరికి పోయి పిల్లను అడగాలన్నాడు. దర్యా ఖాజీ, తమ ఊరి పద్ధతిలో పిల్ల తండ్రీ పెళ్లికొడుకూ ఎదురెదురుగా కూర్చుని కుడిచేతులు కలపాలి, పైన ఒక గుడ్డ కప్పాలి, ఖాజీ అరబ్బీలో ఖుత్బా చదవడం అయ్యాక మాట ఇచ్చిపుచ్చుకోవాలి అన్నాడు. చివరికి రెండూ చేద్దామని తేల్చారు.

ఈ తేల్చుడు జరిగినప్పుడు నేను గంజ్‌లో ఉన్నాను. సీజను. పసుపు కుప్పల మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడి ఉన్నాను. గుడ్డ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ... సరే, వదిలేయండి.

శుక్రవారం వచ్చింది. విందు దావత్ ముందు రోజే అయిపోయింది. నిఖా దగ్గర ఇంటివాళ్లు, ఖాజీలు, సాక్షులు, మా సేటు, అంతే. అయిదు గంటల బస్సుకు నిజామాబాద్ పోయి రైలెక్కకపోతే బొంబాయిలో ఓడ తప్పుతుంది. ఓడ తప్పితే మళ్లీ ఎప్పుడో. దాదీమా మనసు అప్పటిదాకా నిలుస్తుందని ఎవరికీ నమ్మకం లేదు. నేను గంజ్ నుంచి పరుగెత్తుకుంటూ వచ్చేసరికి పిల్లను అడగడం అయిపోయింది. పర్దా వెనక ఆడవాళ్లు కూర్చున్నారు. ఖాదర్ సాబ్ నన్ను చూసి పక్కన చాప మీద చోటు చూపించాడు.

"గీడ కూసో బేటా, నా పక్కకు. ఇయ్యాల నా కాళ్లల్ల సత్తువ లేదు."

కూర్చున్నాను. చేతులు కడుక్కోలేదు. కడుక్కునే తీరిక ఎక్కడిది?

తల తిప్పి చూద్దును కదా, ఖాదర్ సాబూ యూసుఫూ మోకాలికి మోకాలు ఆనించి కూర్చుని కుడిచేతులు కలిపి ఉన్నారు. పైన తెల్ల దస్తీ.

నా ఒళ్లు జల్లుమంది. వేళ్లు వాటంతటవే సాగాయి.

దర్యా ఖాజీ అరబ్బీలో ఏదో మెల్లగా చదువుతున్నాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. గంజ్‌లో బేరం నడిచేటప్పుడు పైపైన ఎండల గురించి మాట్లాడుకుంటారు చూడండి, ఇదీ అట్లాంటిదే అనుకున్నాను. కాసేపు చూశాను. చేతులు విడవలేదు. ఇంకాసేపు చూశాను. ఖాజీ చదువుతూనే ఉన్నాడు. యూసుఫ్ నుదుటి మీద చెమట. ఖాదర్ సాబ్ కంట్లో నీళ్లు!

చూశారా, నా బుద్ధి ఎంత చక్కగా పనిచేసిందో. కంట్లో నీళ్లు చూసి, పెళ్లిలో పిల్ల తండ్రికి కన్నీళ్లు వస్తాయని పాలుతాగే పిల్లాడికి కూడా తోచేది. నాకు తోచింది: బేరం చిక్కుకుంది, పాపం చాచా ముసలితనంలో ఓడిపోతున్నాడు, అందుకే నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు, ఇంకా ఎంతసేపు ఆగమంటావురా గంగారాం?

దూర్చాను.

దస్తీ కింద తడిమి చూశాను. ఖాదర్ సాబ్ చెయ్యంతా పట్టి నొక్కుతున్నాడు, ఆ పైన మళ్లీ రెండు వేళ్లు. ఏడు. యూసుఫ్ మామూలుగా పట్టుకున్నాడు. అయిదు. ఇంత చిన్న తేడాకా ఇంతసేపు! నాకు నవ్వొచ్చింది కూడా. ఒక్క పెట్టున దస్తీ లాగి గాలిలో ఊపి, గంజ్ అవతలి కొసకు వినపడేట్టు అరిచాను.

"ఆరు! ఖతం! సంచులు కుట్టున్రి!"

దర్యా ఖాజీ నోరు అరబ్బీ మాట సగంలో ఉండగా తెరుచుకునే ఉండిపోయింది. పెరట్లో కట్టేసిన మేక నెమరు వేయడం లోపలికి వినిపించింది. సేటు గడియారం తీసింది ఇప్పుడే.

"గంగారాం," అన్నాడు ఖాదర్ సాబ్, "ఏం జేసినవ్ బేటా?"

"బేరం తెగ్గొట్టిన చాచా. నువ్వు ఏడు కాడ ఆగినవ్, పిల్లగాడు అయిదు కాడ ఆగిండు. నడుమ ఆరు."

"ఏం బేరం?"

చెప్పడానికి నోరు తెరిచి, చెయ్యి చాచి చూపించబోయి, చూపించడానికి ఏమీ లేదని అప్పుడు చూశాను. సంచులు లేవు. కాంట లేదు. పసుపు కుప్ప లేదు. ఉన్న పసుపంతా యూసుఫ్ తెల్ల అంగీ ముంజేతి మీద నా అయిదు వేళ్ల అచ్చుగా ఉంది.

హాజీ సాలిం లేచి నిలబడ్డాడు. ఆయన మాటల్ని నేను మన తెలుగులోనే పెడుతున్నాను. "ఖాదర్ భాయ్, ఇది నిఖానా, వేలంపాటా? ఏం అమ్మినవ్? నీ పిల్లనా, నా పిల్లగాడినా?"

"తోబా తోబా, గదేం మాట హాజీ సాబ్!"

"ఆరంటే ఆరేంది? ఇరవై ఏండ్ల దోస్తీల నన్ను గిట్ల అడుగుతవా?"

"నేను అడగలే! నాకే తెల్వది!"

పర్దా వెనక నుంచి దాదీమా గొంతు కొరడాలా వచ్చింది. "నేను జెప్పలే? జెప్పిన్నా లేదా? గిదే తేడా! ఇంతకు మించిన తేడా ఇంకేం గావాలె? పిల్లను పంప! పెట్టె దించున్రి, బిస్తరు విప్పున్రి!"

యూసుఫ్ తల్లి అరబ్బీలో ఏదో గట్టిగా అంది. దాదీమా దక్నీలో అంతకంటే గట్టిగా బదులిచ్చింది. ఒకరి భాష ఒకరికి రాదు, కానీ ఎక్కడా మాట తడబడలేదు. ఆర్మూరు ఖాజీ, "మొత్తం నా పద్ధతిలనే చేస్తే గిట్లయ్యేదా?" అన్నాడు. దర్యా ఖాజీ అప్పటికి నోరు మూసి, చేతులు విడిపోయాయి కాబట్టి మొదటి నుంచీ మళ్లీ మొదలుపెట్టాలన్నాడు. సేటు నా చెవిలో, "రేపటి నుంచి రాకు. ఎల్లుండి గూడ రాకు" అన్నాడు.

ఖాదర్ సాబ్ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఖాళీ అయిన తన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని దాని వైపే చూస్తూ కూర్చున్నాడు. కూతురి పెళ్లి, ఇరవై ఏళ్ల స్నేహం, రెండూ ఒక్క అరుపుతో ఆయన చేతిలోంచి జారిపోయాయి. అరిచింది నేను.

నేను హాజీ కాళ్ల దగ్గర కూలబడ్డాను. "హాజీ సాబ్, తప్పు నాది. మా గంజ్‌ల పసుపు బేరం గిట్లనే జేస్తరు. దస్తీ కింద వేళ్లతోని. నేను గదే అనుకున్న. చాచాకు ఏం తెల్వదు."

"గుడ్డ కింద వేళ్లతోనా?" అన్నాడు హాజీ. ఆయన ముఖంలో కోపం ఒక్క అడుగు వెనక్కి వేసింది. నా చేతిలో ఇంకా వేలాడుతున్న దస్తీ తీసుకుని, చెయ్యి చాచి, పైన కప్పాడు. "చెప్పు. ఎంత?"

భయంభయంగా తడిమాను. "ఎనిమిది."

మళ్లీ నొక్కాడు. "ఇప్పుడు?"

"తొమ్మిది. గాని మీరు ఎనిమిదికే వస్తరు. చిటికెన వేలు దిల్ పెట్టి నొక్కలే."

హాజీ చెయ్యి వెనక్కి తీసుకుని దర్యా ఖాజీ వైపు తిరిగాడు. "మన ముత్యాలోళ్లు గూడ గిట్లనే జేసేటోళ్లు గద షేక్. మా నాయిన నన్ను పక్కన కూసోబెట్టుకుని ఎర్రగుడ్డ కింద నేర్పిండు." తర్వాత నా వైపు తిరిగాడు. "గాని పిల్లగా, మా ఊర్ల రెండు చేతుల నడుమ మూడో చెయ్యి దూరిస్తే, గా చేతిని చేపలకు ఏసేటోళ్లం."

అప్పుడు పర్దా వెనక ఎవరో నవ్వారు. ఆపుకోబోయి, ఆపుకోలేక, ముక్కులోంచి వచ్చిన నవ్వు. పెద్దవాళ్ల నవ్వు కాదు.

"ఎవరది?" అన్నాడు ఆర్మూరు ఖాజీ.

"ఇంకెవరు, పెండ్లి పిల్ల!" అంది దాదీమా. "సిగ్గు గిట్ల ఏమన్న ఉందా నీకు? నేను నీ కోసమని కొట్లాడుతుంటే!"

"సంచులు కుట్టుమన్నడు దాదీమా," అంది లోపల్నుంచి సకీనా, మళ్లీ నవ్వు తన్నుకొస్తుంటే. "ఎవరిని కుట్టాలె?"

యూసుఫ్ తల చటుక్కున పర్దా వైపు తిరిగింది. ఎనిమిది రోజులుగా ఆ ఇంట్లో తిరుగుతున్నా వాడు ఆ పిల్ల గొంతు వినడం అదే మొదలు. తండ్రితో రెండు మాటలు అన్నాడు.

"ఏమంటుండు?" అన్నాడు ఖాదర్ సాబ్, భయపడుతూ.

"మల్ల మొదలుపెట్టుమంటుండు," అన్నాడు హాజీ. "జల్దీ అంటుండు."

ఇక్కడ అయిపోవాలి. మామూలు మనుషులైతే అయిపోయేది. కానీ దర్యా ఖాజీ చెయ్యెత్తాడు. ఆయన అరబ్బీని హాజీ అందరికీ విప్పి చెప్పాడు. "ముందు ఆరు సంగతి తేలాలె. నిఖాల చేతులు కలిసి ఉన్నప్పుడు, సాక్షుల ముందట, ఒక అంకె పలికింది. అదేందో తేలకుంట నేను మొదలుపెట్ట. రేపు ఎవరన్న వచ్చి ఆరు ఏదని అడిగితే జవాబు ఎవరు చెప్తరు?"

ఆర్మూరు ఖాజీ గడ్డం దువ్వుకుని, "సచ్ బాత్" అన్నాడు. ఎనిమిది రోజుల్లో ఇద్దరూ ఒక్క మాట మీదికి వచ్చింది ఇప్పుడు, దీని మీద! నన్ను కాల్చుకు తినడానికి!

"ఆరు అంటే ఏం లేదు ఖాజీ సాబ్," అన్నాను. "అది ఉత్త అరుపు."

"ఉత్త అరుపు ఎట్లయితది?" దాదీమా అందుకుంది. అరగంట ముందు పెట్టె దించమన్న మనిషి తాను కాదన్నట్టు గొంతు తియ్యగా ఉంది. "గంగారాం మంచోడు. దేవుడే పలికించిండు. ఆరంటే ఆరు నెలలు. ఏడాదికి ఆరు నెలలు పిల్ల నా కాడ ఉంటది. గిది ఒప్పుకుంటే పంపుత."

"ఆరు నెలలా!" అన్నాడు హాజీ. "మరి పెండ్లి ఎందుకు? ఆరు రోజులు."

"ఆరు రోజులకు ఏమొస్తదయ్యా? టేషన్ల దిగి, మల్ల ఎక్కుతది. నేను ఆర్మూర్ల చూడాల్నా, నిజామాబాద్ టేషన్ల చూడాల్నా?"

"పండుగలకు వస్తది. ఆరు పండుగలకు."

"మీ ఊరి ఓడ పండుగ చూసి కదుల్తదా? ఆరు నెలలు!"

"ఆరు రోజులు!"

సేటు గడియారం వైపు చూసి తొడ మీద కొట్టుకున్నాడు. ఆయనకు చిక్కుకున్న బేరం కళ్ల ముందు ఉంటే అన్నం సయించదు. "నాలుగయింది! బస్సు పోతది! గంగారాం, ఏం చూస్తున్నవ్? తెగ్గొట్టు!"

రెండు చేతులూ వీపు వెనక దాచుకున్నాను. "నేను తెగ్గొట్ట! నా చెయ్యి నా కాడనే ఉంటది!"

"నోటితోని చెప్పురా!"

అందరూ నా వైపే చూస్తున్నారు. రెండు దేశాల ఖాజీలు, రెండు కుటుంబాలు. "ఆరు వారాలు," అన్నాను నేలవైపు చూస్తూ.

దాదీమా, "పసుపు తవ్వే కాలంల రావాలె. అప్పుడు ఎండలు తక్కువుంటయి" అంది. హాజీ తల ఊపాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను.

"మరి పిల్లను బొంబాయి నుంచి తీసుకొచ్చేటోడెవరు? మల్ల తోలేటోడెవరు?" అన్నాడు దర్యా ఖాజీ. ఆ మనిషికి వదిలిపెట్టడం రాదు. "షరతు ఎవరి చేతి నుంచి వచ్చిందో వాళ్లే తీసుకురావాలె."

"సచ్ బాత్," అన్నాడు ఆర్మూరు ఖాజీ.

నిఖా మళ్లీ మొదలైంది. ఈసారి నన్ను నా చేతుల మీదే కూర్చోబెట్టారు. అది చాలదని సేటు నా రెండు భుజాలూ వెనక నుంచి అదిమి పట్టుకున్నాడు. దర్యా ఖాజీ చదువుతూ చదువుతూ మధ్యమధ్య ఒక కన్ను నా మీద వేసేవాడు. నాలుగున్నరకు అయిపోయింది. అందరూ కావలించుకున్నారు. ఖర్జూరాలు పంచారు. నా వంతు ఎవరో నోట్లో పెట్టారు. చేతులు ఇంకా విడుదల కాలేదు.

బస్సు దగ్గర ఖాదర్ సాబ్ నన్ను పక్కకు తీసుకుపోయాడు. సకీనా బుర్ఖా వేసుకుని కిటికీ పక్కన కూర్చుని ఉంది.

"గంగారాం, నువ్వు తడిమినప్పుడు నేను ఏడు అంటున్న అన్నవ్ గద?"

"మాఫ్ జెయ్యి చాచా."

"అది ఏడు గాదు బేటా. నోటితోని చెప్పే ధైర్యం లేక, పిల్లను మంచిగ చూసుకోమని నొక్కిన. గా పిల్లగానికి సమజయిందో లేదో." బస్సు కిటికీ వైపు చెయ్యి ఊపాడు. "ఆరు వారాలు తక్కువేం గాదు. నేనైతే అడగలేకపోతుంటి."

సకీనా పెట్టెను నేనే బస్సు మీదికి ఎక్కించాను. కానీ నా మీద జాలి పడటం మొదలుపెట్టకండి. ఎందుకంటే అసలు శిక్ష ఆ తర్వాతే మొదలైంది.

మరుసటి ఏడు పసుపు తవ్వే కాలానికి హాజీ నుంచి తంతి వచ్చింది: పిల్ల వస్తోంది, చెయ్యిని పంపండి. గంగారాం అని రాయలేదు. చెయ్యి అని రాశాడు. మనిషి చదువు రానివాడైతే తంతి చదివేవాడు ఊరందరికీ వినపడేట్టు చదువుతాడు. బొంబాయి పోయాను. సముద్రానికి నిజంగానే అవతలి గట్టు లేదు. సకీనా రెండు పెట్టెలు, ఎండు చేపల బుట్టతో దిగింది. దాదీమాకు ఇష్టమని తెచ్చిందట. దాదీమా ఎన్నడూ చేప ముట్టలేదు. ఆ బుట్ట వాసనకు మన్మాడ్‌లో మా రైలు డబ్బా ఖాళీ అయింది. ఆరు వారాల తర్వాత మళ్లీ బొంబాయి, ఈసారి మామిడికాయ తొక్కు జాడీలతో. ఒకటి నా ఒళ్లోనే పగిలింది. రెండో ఏడు చంకలో ఒక పిల్లవాడు. నాలుగో ఏడుకి ఇద్దరు, చెరో భుజం మీద. తొమ్మిదేళ్లు తిరిగాను. నా పెళ్లయింది, నా పిల్లలు పుట్టారు. నా పెద్దకూతురు పుట్టిననాడు నేను బొంబాయి రేవులో ఎండు చేపల బుట్ట మీద కూర్చుని ఉన్నాను. ఆ పిల్లలు నన్ను 'ఆరు మామూ' అనేవాళ్లు. వాళ్లను చూసి ఊరూ అదే పట్టుకుంది. ఇన్ని తిరుగుళ్లు తిరిగినా దాదీమా ఒక్కసారి కూడా, "వచ్చినవా బేటా" అనలేదు. ప్రతిసారీ వాకిట్లోనే నిలబెట్టి, "గా రోజు ఆరు బదులు పది అంటే నీ సొమ్మేం బోతుండెరా?" అనేది.

సేటు మాత్రం మూడో రోజే మళ్లీ పనిలోకి పిలిచాడు. కానీ గంజ్‌లో నేను దస్తీ దగ్గరికి వస్తే చాలు, ఇద్దరూ చేతులు లాక్కుని, "వద్దురా బాబూ, మేం పెండ్లి చేసుకుంటలేం" అనేవాళ్లు.

అందుకని, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, మా ఆర్మూరు సిద్ధుల గుట్ట వైపు తిరిగి ప్రమాణం చేసి రాస్తున్నాను: నా ఊపిరి ఉన్నంత కాలం కప్పిన గుడ్డ కిందికి చెయ్యి పెట్టను. అది ఎవరి గుడ్డ, ఎందుకు కప్పారు, ఏ దేశపు రివాజు అని మూడుసార్లు అడిగి, మూడుసార్లు జవాబు విన్నా కూడా పెట్టను. గంప మీద గుడ్డ కప్పి మామిడిపండ్లు అమ్మేవాడి దగ్గర కూడా, వాడే తీసి చూపిస్తే తప్ప కొనను. చలికాలం నా సొంత దుప్పటి కిందికి కూడా ముందు కాళ్లు పంపి, లోపల ఎవరూ చేతులు కలిపి కూర్చోలేదని తేలాకే చేతులు పంపుతాను.

ఇంకెవరూ వచ్చి నేనూ చూశాను అనకుండా, ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ల పేర్లు రాసి పెడుతున్నాను. పిల్ల తండ్రి ఖాదర్ సాబ్. ఆయన తల్లి దాదీమా, అసలు పేరు హలీమాబీ. పెళ్లికూతురు సకీనా. పెళ్లికొడుకు యూసుఫ్. అతని తండ్రి హాజీ సాలిం, తల్లి మరియం బీ. దర్యా ఖాజీ షేక్ ఈసా. ఆర్మూరు ఖాజీ మొయినుద్దీన్ సాబ్. సాక్షులు ఇద్దరు, టాంగా రహీం, అత్తరు జబ్బార్. మా విఠల్ సేటు. ఇక నేను, గంగారాం. ఆ రోజు నేను అక్కడ లేనని సిరికొండ దాకా పోయి చెప్పి చూశాను. "సరే, లేవు. మరి ఆరు అన్నదెవరు?" అన్నారు.